సగటు నలభై ఆరు

ముప్పై నాలుగేళ్లు నేను పదో తరగతికి లెక్కలు చెప్పాను. ఆ ముప్పై నాలుగేళ్లలో ఏ పిల్లవాడి జవాబుపత్రంలోనూ రాని మార్కు వేయలేదు, వచ్చిన మార్కు కోయలేదు. ఈ మాట నేను చాలా సభల్లో గర్వంగా చెప్పుకున్నాను. ఇప్పుడు చెప్పుకోను. ఆ మాట ఇప్పటికీ నిజమే. నిజమైన అంకెలతోనే ఎంత శుభ్రంగా మోసం చేయవచ్చో పోయిన జనవరిలో నా చేతులతో నేనే చేసి చూపించాను.

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే రోడ్డు మీద ఉన్న మా చర్చి హైస్కూల్లో లెక్కల టీచర్లం ఇద్దరం: నేను, నా కోడలు క్రిస్టీనా. మా బెన్నీని పెళ్లి చేసుకుని అత్వెల్లిలోని మా ఇంటికి వచ్చిన ఏడాదికే ఆమె ఈ బళ్లో చేరింది. నాది పర్మనెంటు ఉద్యోగం. ఆమెది ఏడాదికొకసారి కాగితం మార్చే ఉద్యోగం. ఈసారి పదో తరగతి ఫలితాలు బాగుంటే ఆమెనూ పర్మనెంటు చేస్తామని మేనేజ్‌మెంటు మాట ఇచ్చింది. ఆ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. తెలియక చేశాననే సాకు నాకు లేదు.

బళ్లో ఆమె నన్ను టీచర్ అనేది, ఇంట్లో అత్తమ్మా అనేది. సాయంత్రాలు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఇద్దరం లెక్కలు చెప్పే పద్ధతి మీద కొట్లాడుకునేవాళ్లం. నిర్వచనం, సిద్ధాంతం, ఉపపత్తి; ఆ ఉపపత్తిని మూడుసార్లు రాయడం. నా పద్ధతి అంతే. ఆమె పద్ధతి కత్తెరతో మొదలయ్యేది.

"మీరు సూత్రం చెప్పి లెక్క ఇస్తరు అత్తమ్మా. నేను లెక్క ఇచ్చి ఊకుంట. వాళ్లే తిప్పలు పడి సూత్రం దగ్గరికి వస్తరు."

"రాకపోతే?"

"రాకపోతే ఎక్కడ ఆగిన్రో నాకు తెలుస్తది కద."

"పరీక్ష మార్చిలో. నీ పిల్లలు ఏప్రిల్ దాకా ఆగితే?"

పేపరు చదువుకుంటున్న మా ఆయన ఎడ్వర్డ్ తల ఎత్తకుండానే అనేవాడు: "గీ ఇంట్ల కూర ఉడికిందని గూడ రుజువు జెయ్యాలె. నాకైతే ఆకలైతాంది."

ఆ సాయంత్రాలంటే నాకు ఎంత ఇష్టమో అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. క్రిస్టీనాకు కూడా.

డిసెంబరులో టీచర్ల శిక్షణ పేరుతో ఒక యువకుడు బడికి వచ్చాడు. నా వయసులో సగం కూడా ఉండదు. నా తరగతిలో ఐదు నిమిషాలు, క్రిస్టీనా తరగతిలో గంట కూర్చున్నాడు. పాత పెళ్లి పత్రికలను చతురస్రాలుగా కత్తిరించి, వాటిని పక్కపక్కన పేర్చి, వర్గ సమీకరణంలో వర్గం ఎలా పూర్తవుతుందో ఆమె చూపిస్తుంటే ఫోనులో వీడియో తీసుకున్నాడు. పోతూ పోతూ స్టాఫ్ రూములో అందరి ముందూ నాతో అన్నాడు: "మేడం, మీరు కూడా ఇలాంటివి ప్రయత్నించొచ్చు కదా." నేను నవ్వాను. యూక్లిడ్ రెండు వేల ఏళ్లకు పైగా కత్తెర లేకుండానే నిలిచాడని ఆ కుర్రాడికి చెప్పడం దండగ అనిపించింది. కానీ ఆ మాట నాలో దిగబడి అక్కడే ఉండిపోయింది.

అర్ధ సంవత్సర పరీక్ష మార్కులు వచ్చాక హెడ్మాస్టర్ ఫణిభూషణ్ గారు మమ్మల్ని పిలిచారు. నలభై మంది పిల్లలు. స్పెషల్ క్లాసులకు చెరో ఇరవై మంది.

"మీ ఇద్దరి పద్ధతులూ వేరు అంటున్నారుగా, ఏది ఫలితం ఇస్తుందో మనమూ చూద్దాం" అన్నారాయన. "పిల్లల్ని రెండుగా పంచే పని మీదే టీచర్ గారూ. సీనియర్ మీరు."

ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చి, మధ్యాహ్నం భోజనాల బల్ల మీద మార్కుల రిజిస్టరు తెరిచాను. రెండు గంటలు పట్టింది. నా జాబితాలోకి ముప్పై ఎనిమిదికీ యాభై ఐదుకీ మధ్య మార్కులు వచ్చిన ఇరవై మందిని తీసుకున్నాను. నూటికి ముప్పై ఐదు వస్తే పాసు. అంటే నావాళ్లందరూ అప్పటికే గీత దాటినవాళ్లు. క్రిస్టీనా జాబితాలోకి తొంభై దాటిన ఐదుగురిని వేశాను. చూసేవారికి అది నా ఉదారత. ఆ ఐదుగురి వెనుక, ముప్పై ఐదు చేరని పదిహేను మందినీ వేశాను. తరగతిలో తప్పినవాళ్లు ఆ పదిహేను మందే. పదిహేను మందీ ఆమెకే.

తర్వాత కూడిక. నా ఇరవై మందికి కలిపి తొమ్మిది వందల ఇరవై. ఆమె ఇరవై మందికీ తొమ్మిది వందల ఇరవై. ఇటు సగటు నలభై ఆరు, అటు సగటు నలభై ఆరు. ఈ జాబితాలకు ముందు వేసిన మొదటి పంపకంలో పద్దెనిమిది మార్కుల తేడా వచ్చింది. అప్పుడు రెండు పేర్లను తీసి, వేరే రెండు పేర్లు పెట్టి, మళ్లీ కూడి, తేడాను సున్నకు తెచ్చాను. అంత శ్రమ పడ్డ మనిషి పొరపాటున చేసిందని ఎవరూ అనలేరు.

క్రిస్టీనా చేతులు తుడుచుకుంటూ వచ్చి రెండు కాగితాలూ తీసుకుంది. ఆమె వేలు తన జాబితా మీద పైనుంచి కిందికి దిగింది. అక్కడ ఆగింది. నా జాబితా మీదికి మారి, అదీ చివరిదాకా దిగింది.

"సగటు సమానం" అన్నాను.

"చూసిన అత్తమ్మా." ఆమె నా ముఖంలోకి చూసి చిన్నగా నవ్వింది. "మంచిది." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బైబిల్ సంచిలో పెట్టుకుంది.

ఆ నవ్వు నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా అనుకోలేదు.

మా రెండు గదుల మధ్య గోడ లేదు, ప్లైవుడ్ అడ్డం మాత్రమే. ఇవతల నా ఇరవై మందీ తలలు వంచుకుని ఉపపత్తి రాస్తుంటే కలాల చప్పుడు తప్ప మరొకటి వినిపించేది కాదు. అవతల అంగడి.

"టీచర్, గిది లెక్కనా, పెండ్లి పిలుపా?" అది ఆకాశ్ గొంతు. జవహర్‌నగర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్లవాడు. అర్ధ సంవత్సరంలో ఇరవై ఆరు.

"నీ పెండ్లికి గూడ గిట్లనే కోస్త తియ్. ముందుగాల గా మూలకు ఎంత జాగ తక్కువైందో చెప్పు."

"చిన్న ముక్క అంత."

"చిన్న ముక్క అంటె ఎంత?"

"ఆగున్రి టీచర్, నేను జెప్త." ఈ గొంతు శైలజది. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ముత్తయ్య కూతురు. ఆమెకు ఇరవై తొమ్మిది. "అటు మూడు, ఇటు మూడు ఉంటె మూలకు తొమ్మిది తక్కువ. గా తొమ్మిది పెడ్తె నిండిపోతది."

అవతల చప్పట్లు. నేను డస్టరుతో ప్లైవుడ్ మీద రెండుసార్లు కొట్టాను. ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో సైన్సు టీచర్ సృజనతో, క్రిస్టీనాకు వినపడేలా అన్నాను: "మా పక్క గదిలో క్లాసు జరుగుతోందో, కూరగాయల బేరం జరుగుతోందో తెలియడం లేదమ్మా." సృజన ఇబ్బందిగా నవ్వింది. క్రిస్టీనా టిఫిన్ డబ్బా మూత పెట్టుకుని గదిలోకి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం కూడా నా ఎదుట కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచింది. మనసులో ఏదీ పెట్టుకోలేదు.

ఫిబ్రవరి మూడో వారంలో శైలజ నాలుగు రోజులు వరుసగా బడికి రాలేదు. క్రిస్టీనాకు ఒళ్లు కాలుతోంది, లేవలేని జ్వరం.

"అత్తమ్మా, మీరొక్కసారి పోయి అడుగుతరా? మీరు పోతె ముత్తయ్య కాదనడు. గిప్పుడు గిన ఆగిపోతె ఇగ రాదు ఆ పిల్ల."

పొద్దున ఆరింటికే ఎడ్వర్డ్ నన్ను స్కూటరు మీద చెరువు కట్టకు తీసుకుపోయాడు. వలలు అప్పుడే ఒడ్డుకు వచ్చాయి. తడి టార్పాలిన్ మీద చేపలు ఇంకా ఎగిరిపడుతున్నాయి. చుట్టూ ఏడుగురు మగవాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మధ్యలో, మోకాళ్ల మీద కూర్చుని, యూనిఫాం చున్నీ నడుముకు చుట్టుకుని, శైలజ ఆ చేపలను ఏడు కుప్పలుగా పోస్తోంది. ఒక కుప్పలోంచి ఒక చేప తీసి పక్క కుప్పలో పెట్టేది. తల వంచి చూసి, మళ్లీ వెనక్కి తెచ్చేది.

"నమస్తే టీచరమ్మ," ముత్తయ్య ఎదురొచ్చాడు. "పిల్ల కోసమేనా? గీ నాల్గు దినాలే. నీళ్లు తగ్గినయి, చేప మంచిగ వడ్తాంది. కుప్పలు వోసేటందుకు దీని కన్ను గావాలంటరు వీళ్లు."

"తక్కెడ ఉంది కదా, తూకం వేసుకోవచ్చు కదా?" అన్నాను.

శైలజ తల ఎత్తింది. నన్ను చూసి లేవబోయి, చేతుల నిండా పొలుసు ఉండడంతో అలాగే కూర్చుండిపోయింది.

"తూకం ఏస్తే కొట్లాటైతది టీచర్. పెద్ద బొచ్చ చేప ఒక్కటి గూడ ఐదు కిలోలే, బుట్టెడు చిన్న పరకలు గూడ ఐదు కిలోలే. బరువు సమానమైనంత మాత్రాన కుప్పలు సమానం గావు కద."

నేను ఆ ఏడు కుప్పలనూ ఒకటొకటిగా చూశాను.

"గందుకే మా కట్టుబాటు ఒకటుంటది," అన్నాడు ముత్తయ్య. "కుప్పలు వోసినోడు ఆఖర్న ఎత్తుకోవాలె. ఇప్పుడు దీంతోని వోయించిన గద, అందరు ఎత్తుకున్నంక మిగిలిందే నాది."

"మా ముత్తన్న బిడ్డ వోసిందంటె మాకు పెద్ద పరేషాన్ టీచరమ్మ!" పక్కన ఉన్న గౌరయ్య అందుకున్నాడు. "ఏది ఎత్తుకోవాల్నో తెల్వక గంట నిలవడ్తం. ఒక్క కుప్పన్న తక్కువ వొయ్యరాదె పిల్లా, జల్దీ ఇంటికి వోతం!"

అందరూ నవ్వారు. కట్ట దిగువన బుట్ట సర్దుకుంటున్న శంకరమ్మ, శైలజ తల్లి, అక్కడినుంచే కేకేసింది: "రేపటిసంది పంపుత టీచరమ్మ. గా క్రిస్టీనా టీచర్ సోపతి వట్టినంక దీనికి లెక్కలంటె పానం లేసి వస్తాంది. కూరల ఉప్పుకు గూడ లెక్కనే!"

ఒక్కొక్కరూ వచ్చి కుప్ప ఎత్తుకున్నారు. చివరిది మిగిలింది. ముత్తయ్య దాని వంక చూడను కూడా చూడకుండా బుట్టలోకి తోసుకున్నాడు.

తిరిగి వస్తుంటే ఎడ్వర్డ్ స్కూటరు నెమ్మది చేసి అడిగాడు: "ఏంది రోజీ, మాట్లాడ్తలెవ్వు?"

"ఎండ" అన్నాను.

ఫిబ్రవరి పొద్దున ఏడున్నరకు ఎండ ఉండదని ఆయనకూ తెలుసు. పరీక్షకు ఇంకా నాలుగు వారాలు ఉంది. రెండు జాబితాల నకళ్లూ బళ్లో నా బల్ల సొరుగులోనే ఉన్నాయి. ఏడుగురిని అటునుంచి ఇటు తెచ్చుకుని, ఏడుగురిని ఇటునుంచి అటు పంపడానికి ఒక మధ్యాహ్నం చాలు. ఏ ఏడుగురో కూడా దారిలోనే లెక్క కట్టాను. బడికి చేరాక సొరుగు తెరవలేదు. నేను పద్ధతిని నిరూపిస్తున్నానని, నిరూపణ మధ్యలో దత్తాంశాలు మార్చకూడదని నాకు నేను చెప్పుకున్నాను. ఇంత చదువూ చివరికి నాకు అందుకు పనికొచ్చింది.

ఏప్రిల్ చివర ఫలితాలు వచ్చాయి. నా ఇరవై మందిలో ఇరవై మందీ పాసు. క్రిస్టీనా ఇరవై మందిలో పదహారు మంది. ఆకాశ్‌తో కలిపి నలుగురు తప్పారు. శైలజకు అరవై మూడు.

నోటీసు బోర్డు మీద రెండే అంకెలు పెట్టారు: వంద శాతం, ఎనభై శాతం. ఆ రెండు అంకెల ముందు నిలబడి నేను మూడో లెక్క చేశాను. గీత కింద ఉన్న పదిహేను మందిలో పదకొండు మందిని క్రిస్టీనా పైకి తెచ్చింది. నేను తెచ్చింది ఎవరిని? ఒక్కరిని కూడా కాదు. నా ఇరవై మందీ జనవరిలోనే పాసైనవాళ్లు. మూడు నెలలు నేను చేసింది వాళ్లను నిశ్శబ్దంగా కూర్చోబెట్టడం.

మే మొదటి వారంలో చర్చి హాల్లో సన్మానం. ఆ ఎండలో నా భుజాల మీద మెరూన్ రంగు శాలువా కప్పారు. నా బోధనా పద్ధతి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఇరవై నిమిషాలు మాట్లాడాను. "క్రమశిక్షణ లేని చోట గణితం లేదు, ఆటలతో వచ్చింది ఆటలతోనే పోతుంది" అన్నాను. మూడో వరసలో వాళ్లమ్మ ఏసమ్మ పక్కన కూర్చున్న క్రిస్టీనా నా వైపే చూస్తోంది. అందరితో పాటు చప్పట్లు కొట్టింది. అందరి కంటే ముందే ఆపింది.

వారానికి ఆమె చేతికి కాగితం వచ్చింది. జూన్ నుంచి ఆమె సేవలు అవసరం లేదు.

పది రోజుల తర్వాత సొరుగు తెరిచాను. రెండు జాబితాలూ పట్టుకుని ఫణిభూషణ్ గారి గదికి వెళ్లాను. కూర్చోకుండానే చెప్పాను. ఏ మార్కులవాళ్లను ఎటు వేశానో, తప్పినవాళ్లందరినీ ఎవరికి ఇచ్చానో, గీసి చూపించాను. ఆయన ఓపికగా విన్నారు.

"సగటు సమానంగానే ఉంది కదా టీచర్ గారూ. మీరే చూపించారు అప్పుడు."

"సగటు సమానమే. పిల్లలు సమానం కారు. ఆమెది మెరుగైన ఫలితం. నాది ఫలితమే కాదు."

ఆయన కళ్లజోడు తీసి నన్ను దయగా చూశారు. ఆ దయ నేను జీవితంలో మరిచిపోలేను.

"కోడలి కోసం అందరు అత్తగార్లూ ఇలా మాట్లాడతారంటే నేను నమ్మను. మీది పెద్ద మనసు. కానీ వంద ఎక్కడ, ఎనభై ఎక్కడ? కమిటీకి నేను ఏం చెప్పుకోను?"

"ఇది పెద్ద మనసు కాదు సార్. నేను మోసం చేశాను."

"మీరా?" ఆయన నిజంగానే నవ్వారు. "ముప్పై నాలుగేళ్లలో అర మార్కు అటూ ఇటూ వేయని మనిషి, మీరా? వెళ్లి కాసిన్ని మంచినీళ్లు తాగండి టీచర్ గారూ."

కమిటీ ముందుకు వెళ్లి మళ్లీ చెప్పవచ్చు. రాసి ఇవ్వవచ్చు. నా పేరు నా తప్పును అంత గట్టిగా కాపాడుతుంటే నేను ఒక్కసారి మాత్రమే తలుపు తట్టి, తిరిగి వచ్చేశాను. ఆయన నమ్మలేదని బాధపడినట్టు నటించాను కానీ, మెట్లు దిగుతున్నప్పుడు నాకు కలిగింది బాధ కాదు, ఊరట. అది కూడా ఇక్కడ రాయాలి.

ఇంటికి వస్తే క్రిస్టీనా వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. ఆమెకు జవహర్‌నగర్ దగ్గర ఒక బళ్లో పని దొరికింది. పొద్దున ఆరున్నరకే బయల్దేరాలి. మేడ మీద గదిలో వేరే పొయ్యి పెట్టుకుంటామని బెన్నీ అంతకు ముందురోజే చెప్పాడు. టైము కుదరదు కాబట్టి, అన్నాడు. ఎవరూ కోపంగా ఏమీ అనలేదు.

నేను రెండు జాబితాలూ వంటింటి గట్టు మీద పెట్టాను. "క్రిస్టీనా, ఇవి నేను..."

"మొదటి దినమే చూసిన అత్తమ్మా." ఆమె కాగితాల వైపు తిరగలేదు. "ఐదుగురు పైన, పదిహేను మంది కింద."

"చూసి ఎందుకు అడగలేదు?"

ఆమె చేతిలో గిన్నె ఆగింది.

"కష్టమైనోళ్లను కావాల్ననే నాకిచ్చిన్రనుకున్న. నా పద్ధతి మీద మీకు నమ్మకం కుదిరిందనుకున్న. పైకి అనరు గని, లోపల కుదిరిందనుకున్న." గిన్నెను సంచిలో పెట్టింది. "బెన్నీకి గూడ జెప్పిన ఆ దినం. అత్తమ్మ నన్ను ఒప్పుకున్నదని."

ఆ ఆదివారం నాటి నవ్వు నాకు అప్పుడు అర్థమైంది.

"ఎప్పుడు తెలిసింది మరి?"

"శాలువా నాడు. మీరు మాట్లాడినప్పుడు."

ఇంతలో వాకిట్లో శైలజ గొంతు వినిపించింది. తల్లీ కూతుళ్లు ఇద్దరూ వచ్చారు. శంకరమ్మ బుట్ట దించింది: ఒక పెద్ద బొచ్చ, దాని కింద పరకలు. "మా పిల్ల పాసైంది గద. క్రిస్టీనా టీచర్‌కు" అంది. తర్వాత నన్ను చూసి మర్యాదకు, "మీ ఇంటికి" అని సవరించుకుంది.

వాళ్లు పోయాక క్రిస్టీనా చేపలు కడిగి, బొచ్చను ముక్కలు కోసింది. ఇల్లు ఒకటే, కానీ ఆ పూట నుంచి పొయ్యిలు రెండు. గట్టు మీద రెండు పళ్లేలు పరిచి పంచడం మొదలుపెట్టింది. తల ఒక పళ్లెంలో పెడితే, రెండో దాంట్లో నడుము ముక్క ఒకటి ఎక్కువ వేసింది. పరకలను ఒక్కొక్కటే అటూ ఇటూ మార్చింది. తర్వాత చేతులు కడుక్కుని వెనక్కి జరిగింది.

"తీసుకోండి అత్తమ్మా."

"నీకు ఏది కావాలో నువ్వే..."

"పోసింది నేను. శైలజ చెప్పలేదా మీకు? పోసినోళ్లు ఆఖర్న తీసుకోవాలె."

నేను రెండు పళ్లేల మీదికీ వంగాను. ముక్కలు లెక్కపెట్టాను. పరకలు లెక్కపెట్టాను. తలకు సాటిగా వేసిన నడుము ముక్క మందం చూశాను. ఎక్కడో ఒకచోట, ఒక్క వేలెడు తేడా ఉంటుందేమోనని వెతికాను. ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

"ఏదో ఒకటి ఎత్తుకోండి అత్తమ్మా," అంది క్రిస్టీనా, మెల్లగా. "పులుసుకు ఆలస్యమైతాంది."

నేను ఇంకా వెతుకుతూనే ఉన్నాను.